చెల్లికి 20 ఏళ్లు నిండాయి: గట్టుతో పాటు కార్డు కూడా చూద్దాం

(జూన్ 19, ప్రపంచ సికిల్ సెల్ దినం నాడు మన ఏజెన్సీ యువత కూడిన చోట నేను మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన మీ కోసం రాసి పెడుతున్నాను.)



పోయిన నెల మా ఇంట్లో పండుగ చేశాం. కొలుపు కాదు, పెళ్లి కాదు. మా చెల్లి పుట్టినరోజు. మేకను కోశాం, ఊరందరికీ అన్నం పెట్టాం. భద్రాచలం నుంచి బండి మీద కేకు తెచ్చాను. మా వాగు దాటేసరికి అది ఒక పక్కకి ఒరిగిపోయింది. అయినా చెల్లి దాన్నే కోసింది.

పుట్టినరోజుకి మేకను కోస్తారా అని మీరు అడగొచ్చు. మా ఊళ్లో పుట్టినరోజులు చేసే అలవాటే లేదు. నా పుట్టిన తేదీ బడిలో సారు రాసిందే. ఆ ఏడు నాతో చేరిన ఇంకో నలుగురికి కూడా అదే తేదీ. కానీ మా చెల్లికి 20 ఏళ్లు నిండాయి. డిగ్రీ ఆఖరి పరీక్ష కూడా రాసి వచ్చింది. ఈ రెంటికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. మా అమ్మ పుట్టినరోజులు లెక్క పెట్టదు. చెల్లిని ఏడాదికి ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేర్చామో అది లెక్క పెడుతుంది. ఆ లెక్కలో ఒక్కసారి కూడా లేని ఏడాది ఇదే మొదటిది. అందుకే మేక.

మా చెల్లికి సికిల్ సెల్ జబ్బు ఉంది. తనను అడిగే ఈ మాట చెబుతున్నాను. రెండు షరతులు పెట్టింది. ఒకటి, పేరు చెప్పొద్దు. రెండు, జాలి పడేలా చెప్పొద్దు. రెండూ పాటించడానికి ప్రయత్నిస్తాను.

చెల్లికి ఏడాది నిండకముందే చేతులు, కాళ్లు బూరెల్లా వాచాయి. ఒకటే ఏడుపు. దిష్టి అన్నారు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు అనుకుని పసరు తాగించాం. తగ్గినట్టే ఉండేది, మళ్లీ వచ్చేది. అలా ఎన్ని పసర్లు తాగిందో లెక్క లేదు. మా వడ్డెను నేను తప్పు పట్టను. ఆయన తనకు తెలిసింది చేశాడు. పట్నం చదువు చదివిన వాళ్లు కూడా అదే చేశారు. రక్తం తక్కువగా ఉందని ప్రతిసారీ ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపారు. ఎందుకు తక్కువగా ఉందని ఎవరూ అడగలేదు.

హాస్టల్లో చేరాక ఇంకా కష్టమైంది. చలికాలం పొద్దున్నే చన్నీళ్ల స్నానం, తర్వాత గ్రౌండులో పరుగు. కీళ్లు పట్టేసి పడిపోతే నటిస్తోందన్నారు. అప్పటికి 11 ఏళ్ల పిల్ల. ఒకసారి జ్వరంతో, ఛాతీ నొప్పితో పెద్దాసుపత్రి దాకా తీసుకుపోతే, అక్కడ ఒక డాక్టరమ్మ నాయనని, అమ్మని, నన్ను కూడా కూర్చోబెట్టి అందరికీ రక్తపరీక్ష రాసింది. అప్పుడు తెలిసింది దాని పేరు.

నాకూ చెల్లికీ మధ్య ఒక తమ్ముడు ఉండేవాడు. నాలుగేళ్లప్పుడు జ్వరం వచ్చింది, కడుపులో ఎడమ పక్క బల్ల పెరిగింది, రెండు రోజుల్లో పోయాడు. వాడికి ఉన్నదీ ఇదేనా అని అమ్మ ఆ డాక్టరమ్మను అడిగింది. పరీక్ష చేయలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేనని, అయి ఉండొచ్చని ఆమె అంది. ఆ రోజు తిరుగు బస్సులో అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఊళ్లోకి వచ్చాక చుట్టాలు అడిగిన మొదటి మాట, “ఎవరి వైపు నుంచి వచ్చింది?” అడిగిందీ వాళ్లే, అమ్మ వైపు వేలు చూపించిందీ వాళ్లే. ఈ మాటకు ఇక్కడే జవాబు చెప్పుకుందాం.

ఇవిగో చింతగింజలు. అష్టాచెమ్మా ఆడటానికి మనం వీటిని అరగదీస్తాం కదా. అరగదీసిన గింజకి ఒక పక్క తెల్లగా ఉంటుంది, అరగదీయని గింజ మొత్తం నల్లగానే ఉంటుంది. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఎలా తయారవ్వాలో చెప్పే జన్యువు ప్రతి మనిషిలోనూ రెండు ఉంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాయన ఇచ్చింది. వాటిని రెండు గింజలు అనుకోండి. రెండూ నల్లవైతే ఏ ఇబ్బందీ లేదు. రిపోర్టులో ఏఏ అని రాస్తారు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది అయితే ఏఎస్, అంటే క్యారియర్. ఆ మనిషికి మామూలుగా జబ్బు ఉండదు. అందరిలాగే పని చేస్తాడు, బతుకుతాడు. రెండూ తెల్లవైతే ఎస్ఎస్. అదే జబ్బు.

మా అమ్మ ఏఎస్, మా నాయన ఏఎస్. ఇద్దరి గుప్పిట్లోనూ ఒక నల్ల గింజ, ఒక తెల్ల గింజ. బిడ్డకు ఒక్కొక్కరు ఒక్కో గింజ ఇస్తారు, కళ్లు మూసుకుని. 4 రకాలుగా పడొచ్చు. రెండూ నల్లవి పడటం ఒక వంతు, ఒకటి నల్లది ఒకటి తెల్లది పడటం రెండు వంతులు, రెండూ తెల్లవి పడటం ఒక వంతు. నాకు ఒక్కటే తెల్లది పడింది. చెల్లికి రెండూ తెల్లవే పడ్డాయి. ఒక్క తెల్ల గింజతో ఈ జబ్బు రాదు. చెల్లి దాకా వచ్చిన ఆ రెండు గింజల్లో ఒకటి అమ్మది, ఇంకోటి నాయనది. ఇందులో అమ్మ తప్పు ఏముంది? నాయన తప్పు మాత్రం ఏముంది?

అమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. “నలుగురిలో ఒకరికి అన్నారు కదా, నాకు ముగ్గురు పుడితే ఇద్దరికి ఎందుకు?” గవ్వలు వేసేటప్పుడు ముందు పందెం ఏం పడిందో తర్వాతి పందానికి గుర్తుండదు కదా. ఇదీ అంతే. ప్రతి కాన్పూ ఒక కొత్త పందెం. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక రాదని ధైర్యం లేదు, మళ్లీ వస్తుందనీ లేదు.

రెండు తెల్ల గింజలు ఉంటే లోపల ఏం జరుగుతుంది? ఎర్ర రక్తకణం మామూలుగా గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. సన్నని నరాల్లోంచి కూడా జారిపోతుంది. ఒంట్లో నీరు తగ్గినా, చలి పట్టినా, జ్వరం వచ్చినా, శక్తికి మించి కష్టపడినా ఈ కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. సికిల్ అంటే కొడవలే. వంగిన కణాలు ఒకదానికొకటి చిక్కుకుని దారి మూసేస్తాయి. అక్కడే నొప్పి. మామూలు కణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులకే చచ్చిపోతుంది. అందుకే రక్తం తక్కువ, అందుకే కళ్లు పచ్చన. మనం తాగించిన పసర్లకి తగ్గనిది అందుకే.

ఇప్పుడు పెద్దలు అడిగే ప్రశ్న. మనకే ఎందుకు? మన రక్తం మంచిది కాదా? వేల్పుల కోపమా?

కాదు. ఒక్క తెల్ల గింజ ఉన్న పిల్లలకు మలేరియా ప్రాణం తీసే దాకా ముదరడం తక్కువ. మలేరియా ఉన్న అడవుల్లో తరతరాలుగా ఆ పిల్లలు ఎక్కువ మంది బతికారు, పెద్దయ్యారు, తమ గింజను పిల్లలకు ఇచ్చారు. అందుకే ఆఫ్రికాలో ఉంది, అరబ్బు దేశాల్లో ఉంది, మధ్యధరా సముద్రం చుట్టూ ఉంది, మన గోదావరి అడవుల్లోనూ ఉంది. మన తాతలను మలేరియా నుంచి కాపాడిన గింజే ఇది. రెండు చోట్ల నుంచి వచ్చి ఒకే బిడ్డలో కలిస్తే జబ్బవుతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

దీన్ని అరుదైన జబ్బు అంటారు. ఎవరికి అరుదు? గిరిజనుల్లో పుట్టే ప్రతి 86 మందిలో సుమారు ఒకరికి ఈ జబ్బు ఉంటుందని కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖే చెబుతోంది. ఒక ఆశ్రమ పాఠశాలలో 300 మంది పిల్లలు ఉంటే ముగ్గురో నలుగురో అన్నమాట. వాళ్ల పేరు మనకు తెలియకపోతే, వాళ్లను మనం బద్ధకం పిల్లలు అంటున్నామన్నమాట. ఈ కణాన్ని డాక్టర్లు 1910లోనే చూసి రాశారు. మూలం హిమోగ్లోబిన్‌లో ఉందని 1949లో తేలింది. మన దేశంలో నీలగిరి కొండల ఆదివాసుల్లో ఇది ఉందని 1952లోనే గుర్తించారు. ఆ పేరు మా ఇంటి దాకా రావడానికి ఎన్ని పదుల ఏళ్లు పట్టిందో మీరే లెక్క వేయండి.

ఇక పెళ్లి మాట. ఇది నా సొంత మాట కూడా.

మన కోయల్లో సంబంధం అనగానే ముందు అడిగేది గట్టు. మూడో గట్టా, ఐదో గట్టా అని. ఒకే గట్టు అయితే అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి ఊసే ఉండదు. మన పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. అంటే పెళ్లికి ముందు నీ మూలం ఏమిటని అడగడం మనకు కొత్త కాదు. కానీ గట్టు నాయన నుంచే వస్తుంది. తెల్ల గింజ అమ్మ నుంచైనా రావచ్చు, నాయన నుంచైనా రావచ్చు. మేనత్త కూతురిది వేరే గట్టు, కాబట్టి వరస కలుస్తుంది. అయితే మేనత్తా నాయనా ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. తాత దగ్గర ఒక తెల్ల గింజ ఉంటే అది ఇద్దరికీ చేరి ఉండొచ్చు. గట్టు దీన్ని ఆపలేదు. మేనరికం కాకపోయినా, మన ప్రాంతంలో క్యారియర్లు ఎక్కువ కాబట్టి బయటి సంబంధంలోనూ రావచ్చు.

నాకు మేనత్త కూతురితో మాట అనుకున్నారు, చిన్నప్పటి నుంచే. నాది ఏఎస్ అని చెప్పాను కదా. పోయిన ఏడాది పెద్దల ముందు నా రిపోర్టు పెట్టి, మరదలిని కూడా పరీక్ష చేయించుకోమని అడిగాను. గొడవ అయింది. పిల్లకి వంక పెడుతున్నావా అని మేనత్త ఏడ్చింది. వంక ఉంటే నాకే ముందు ఉంది అత్తా, ఇదిగో కాగితం అన్నాను. తర్వాత మరదలే స్వయంగా వెళ్లి పరీక్ష చేయించుకుంది. ఏం వచ్చిందో నేను మీకు చెప్పను. ఆ కార్డు ఆమెది. మేమిద్దరం ఏం అనుకున్నామో అది మా ఇద్దరిదీ. మీరందరూ కూడా ఇలాగే పట్టుబట్టాలి. ఎవరి రిపోర్టూ గోడ మీద పేర్ల లిస్టు కాకూడదు. ఊళ్లో చాటింపు కాకూడదు. అలా జరిగితే రేపు ఎవరూ పరీక్షకి చెయ్యి చాపరు.

ఇద్దరూ క్యారియర్లని తెలిస్తే పెళ్లి మానుకోవాల్సిందేనా? అది వాళ్ల ఇష్టం. కొందరు మానుకుంటారు. కొందరు చేసుకుని, గర్భం వచ్చిన మొదటి మూడు నెలల్లోనే బిడ్డకు ఎలా ఉందో పరీక్ష చేయించుకుంటారు. ఆ పరీక్ష పెద్ద నగరాల్లో ఉంది. కొందరు బిడ్డను కని, పుట్టగానే పరీక్ష చేయించి, మొదటి నెలల నుంచే మందు మొదలుపెడతారు. దారులు ఇన్ని ఉన్నాయి. తెలియకపోతే మా తమ్ముడి దారి ఒక్కటే మిగులుతుంది.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం ఒక మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు ఉన్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. ఆ పోస్టరు ఒకటి నేను ఇంటికి తెచ్చాను. చెల్లి చదివి, “నిర్మూలన అంటే ఎవర్ని అన్నా? నన్నా?” అంది.

నవ్వుతూనే అంది. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊరూరా తిరిగి పరీక్ష చేయించుకోండి, జబ్బు బిడ్డ పుట్టకుండా చూసుకోండి అని చెప్పేది నేనే. అప్పుడు తను ఎవరు? పుట్టకుండా ఉండాల్సిన మనిషా?

మిత్రులారా, దీనికి నేను చాలా రోజులు ఆలోచించి తెలుసుకున్న జవాబు ఇది. నిర్మూలించాల్సింది నొప్పిని. నటిస్తోంది అనే మాటను. మందు లేక నాలుగేళ్లకే పోవడాన్ని. మా చెల్లిని కాదు. ఎండాకాలం తునికాకు కల్లం దగ్గర మా చెల్లి నీడలో కూర్చుని లెక్క రాస్తుంది. కట్టకు 50 ఆకులు, ఎవరివి ఎన్ని కట్టలు అని. తను రాయడం మొదలుపెట్టాక మా ఊళ్లో ఒక్క కట్ట కూడా లెక్క తప్పలేదు. ఎండకు తిరగలేదు కాబట్టి పనికిరాదు అన్నవాళ్లే ఇప్పుడు తన పుస్తకం చూసి డబ్బులు తీసుకుంటున్నారు. అందుకే పుట్టినరోజు ఇంత పెద్దగా చేశాం. ఈ జబ్బు ఉన్నవాళ్లను ఊరు చావులప్పుడే తలుచుకుంటోంది. బతికి, చదివి, 20 ఏళ్లు నిండిన మనిషిని కూడా ఊరు చూడాలి. అలా చూసినప్పుడే ఇంకో తల్లి తన బిడ్డను దాచకుండా పరీక్షకు తెస్తుంది. ఆ రోజు మా ఇంటికి భోజనానికి వచ్చిన వాళ్లలో ముగ్గురు తల్లులు నన్ను పక్కకు పిలిచి అడిగారు, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారని.

పరీక్ష గురించి గుర్తుంచుకోండి. ఊళ్లో మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష తెల్ల గింజ ఉందని మాత్రమే చెబుతుంది. ఒకటా, రెండా అన్నది చెప్పదు. ఆరు నెలల లోపు పిల్లల్లో దాన్ని నమ్మడానికి లేదు. పాజిటివ్ అంటే హెచ్‌పీఎల్‌సీ లాంటి రెండో పరీక్ష తప్పనిసరి. రెండో పరీక్ష చేయకుండా ఎవర్నీ రోగి అనొద్దు, క్యారియర్ అని వదిలేయొద్దు.

జబ్బు ఉన్నవాళ్ల కోసం. నీళ్లు ఎక్కువగా తాగాలి, బడిలో బాటిల్ పక్కనే ఉండాలి. చలిలో వెచ్చగా ఉండాలి. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియా మానకూడదు. హైడ్రాక్సీయూరియా నొప్పులను తగ్గిస్తుంది, అది వాడేటప్పుడు మధ్యమధ్యలో రక్తపరీక్ష ఉండాలి. గర్భం కావాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. ఐరన్ మాత్రలు ఊరికే మింగొద్దు. ఐదేళ్లలోపు పిల్లలకు పెన్సిలిన్, న్యుమోనియా టీకా గురించి అడగండి. జ్వరం వచ్చినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఉన్నట్టుండి కడుపు ఎడమ పక్క ఉబ్బినా, మూతి వంకర పోయినా, చెయ్యి కాలు చచ్చుబడినా తెల్లారే దాకా ఆగొద్దు. ఆ రాత్రే బయల్దేరండి.

ఇక హక్కుల మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ ఉంది. సర్టిఫికెట్ తీసుకోండి. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ప్రభుత్వ ఉన్నత చదువుల్లో 5 శాతం సీట్లలో మనకూ వాటా ఉంది. కానీ ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చిన చోట రక్త సంబంధ జబ్బులను చేర్చలేదు. చెల్లిది డిగ్రీ అయిపోతోంది, ఇక ఈ గోడ దగ్గరే ఆగింది. దీని మీద మనం కొట్లాడాలి. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు రక్తం డబ్బు లేకుండా, బదులు దాతను అడగకుండా ఇవ్వాలి. హైడ్రాక్సీయూరియా ఖరీదైన మందు కాదు. అది మండల కేంద్రం పీహెచ్‌సీలో ప్రతి నెలా ఉండాలి. అమెరికా, బ్రిటన్‌లలో 2023 చివర్లో జన్యు చికిత్సకు అనుమతి వచ్చింది. అమెరికాలో దాని ధర సుమారు 22 లక్షల డాలర్లు. మనం అడుగుతున్నది అది కూడా కాదు. ఒక గొట్టం మాత్ర, ఒక దుప్పటి, హాస్టల్లో వేన్నీళ్లు, వర్షాకాలంలో అంబులెన్సు దాటే వంతెన. ఇవి ఎవరి దయా కాదు. మన జల్, జంగల్, జమీన్ ఎంత హక్కో మన పిల్లల ఊపిరి కూడా అంతే హక్కు.

చివరిగా మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంట్లో రాబోయే పండుగ ఏదో ఒకటి ఉంటుంది. పెళ్లి మాటలో, బిడ్డకు పేరు పెట్టడమో, కొత్తల పండుగో. చుట్టాలందరూ ఒక్క చోట కూడతారు. ఆ రోజు ఏఎన్ఎం అక్కను, ఆశా అక్కను భోజనానికి పిలవండి, కిట్టు తెచ్చుకోమనండి. ముందు మీరు చెయ్యి చాపండి. మీ చెయ్యి చూసి మీ బావ చాపుతాడు, మీ మరదలు చాపుతుంది. గట్టు అడిగిన నోటితోనే కార్డు సంగతి కూడా అడగండి. అడిగే ముందు మీది చూపించండి.

వచ్చే ఏడాది చెల్లికి 21. కేకు మళ్లీ నేనే తేవాలట. ఈసారి ఒరగకూడదంది. అందుకు వాగు మీద వంతెన కావాలి అన్నాను. అయితే అది కూడా అడుగు అంది. అడుగుతున్నాను.

జోహార్! జై ఆదివాసీ!